ప్రెజర్ మైనస్‌లో వచ్చింది, ఎవరిది తప్పు?

ప్రశ్న: సార్, మధ్యలో సన్నబడే పైపులో నీళ్ల ఫ్లో సిమ్యులేట్ చేశా. ఇన్‌లెట్ వేగం సెకనుకి 2 మీటర్లు, సన్నగా ఉన్నచోట వ్యాసం సగం, అవుట్‌లెట్ ప్రెజర్ 0 ఇచ్చా. ఓపెన్‌ఫోమ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ సన్నటి చోట ప్రెజర్ మైనస్ 28 వచ్చింది. ఇదే కేసు మా ఫ్రెండ్ ఫ్లూయెంట్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో రన్ చేస్తే మైనస్ 28,000 పాస్కల్స్ అట! అసలు ప్రెజర్ మైనస్‌లో ఉంటుందా?

జవాబు: ఇద్దరిదీ కరెక్టేనండీ. ఓపెన్‌ఫోమ్‌లో సింపుల్‌ఫోమ్ లాంటి ఇన్‌కంప్రెసిబుల్ సాల్వర్లు (అంటే డెన్సిటీ మారదనుకుని లెక్కకట్టే ప్రోగ్రాములు) ప్రెజర్‌ని డెన్సిటీతో భాగించేసి చూపిస్తాయి, అది పాస్కల్స్ కాదు. నీళ్లు కాబట్టి 1000తో గుణించండి, మీ ఫ్రెండ్ నంబరే వస్తుంది.

ఇక మైనస్ సంగతి. అవుట్‌లెట్‌లో మీరిచ్చిన 0 అంటే వాక్యూమ్ కాదు, బయటి గాలి ప్రెజర్‌నే సున్నా అనుకుని అక్కడ్నుంచి కొలుస్తున్నారు అంతే. దానికి 1,01,325 కలిపితే అసలు ప్రెజర్ 73 వేల పైచిలుకు, శుభ్రంగా ప్లస్‌లోనే ఉంది. కొంతమంది ఫ్లూయెంట్‌లో ఆపరేటింగ్ ప్రెజర్ (అంటే సున్నాగా అనుకునే ప్రెజర్) 1,01,325 ఉండగానే అవుట్‌లెట్‌లో కూడా మళ్లీ 1,01,325 కొట్టేస్తారు, అలా రెండుసార్లు కలిస్తే అన్నీ ప్లస్‌లోనే కనబడి హాయిగా ఉంటుంది గానీ అది ఉత్త భ్రమ.

చేత్తో కూడా ఓసారి లెక్కేసుకోండి: వ్యాసం సగమైతే వేగం 4 రెట్లు, అంటే 8. డైనమిక్ ప్రెజర్ (వేగం వల్ల వచ్చేది: డెన్సిటీ × వేగం వర్గంలో సగం) 2,000 నుంచి 32,000కి ఎగబాకుతుంది, కాబట్టి ఇన్‌లెట్‌తో పోలిస్తే స్టాటిక్ ప్రెజర్ (మీ ప్లాట్‌లో కనబడేది) ఓ 30,000 పడిపోవాలి. మరి మైనస్ 28,000 ఏంటంటారా, మీ ఓపెన్‌ఫోమ్‌లో ఇన్‌లెట్ దగ్గర ప్లస్ 2 దాకా, అంటే 2,000 పాస్కల్స్ దాకా ఉండి ఉంటుంది చూడండి, సన్నటి భాగం దాటాక సుడులు తిరిగి పోగొట్టుకున్న ప్రెజర్ అదే.

నిజంగా భయపడాల్సింది వేగం పెంచినప్పుడు. ఇన్‌లెట్‌లో వేగం 4 ఇచ్చారంటే ఆ మైనస్ కూడా దాదాపు 4 రెట్లై 1,12,000 అవుతుంది, అసలు ప్రెజరే సున్నా కిందకి పోతుంది. 20 డిగ్రీల దగ్గర నీళ్లు 2,300 పాస్కల్స్‌కి దిగేసరికే ఆవిరి బుడగలు కడతాయి, పాపం సాల్వర్‌కి అదేం తెలీదు, కన్వర్జ్ అయిపోయి (అంటే లెక్క స్థిరపడి) రంగురంగుల ప్లాట్ ఇచ్చేస్తుంది. అప్పుడు మాత్రం ఆ బుడగల్ని కూడా లెక్కేసే కావిటేషన్ మోడల్ పెట్టి మళ్లీ రన్ చేయాల్సిందే.