క్షమించలేకపోతే పూజ ఫలించదా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. పెళ్ళైన కొత్తలో మీ అత్తగారు పెట్టిన ఆరళ్ళు మీరింకా మరిచిపోలేదు. ఇప్పుడు ఆవిడ మంచాన పడితే చేయాల్సినవన్నీ మీరే చేస్తున్నారు. రోజూ లలితా సహస్రనామం చదువుకుంటారు, కానీ మనసు ఆవిణ్ణి క్షమించడం లేదు. ఎవరో పెద్దాయన "క్షమించనిదే పూజకు ఫలితం ఉండదు" అన్నప్పట్నుంచీ దీపం పెట్టాలంటేనే బెరుకుగా ఉందని రాశారు. ఆ బెరుకు నాకు తెలుసు. నాలుగైదేళ్ళు అదే బెరుకుతో దేవుడి ముందు కూర్చున్నాను.

నేను కర్నూలులో టీచరుగా చేసి రిటైరయ్యాను. 2009లో మా పెదనాన్నగారి అబ్బాయి, నాకు అన్నయ్య వరస, 5 లక్షల చీటీ పాడుకుని ష్యూరిటీ సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. నాలుగు వాయిదాలు కట్టి ఆపేశాడు. నోటీసులు నాకొచ్చాయి. ఆ తర్వాత నా జీతంలోంచి నెలకు 7 వేల చొప్పున మూడేళ్ళకు పైగా కోశారు. అమ్మాయి ఇంజనీరింగు ఫీజు కోసం మా ఆవిడ గాజులు బ్యాంకులో కుదువ పెట్టాం. డబ్బు పోవడం ఒక ఎత్తు. అడుగుదామని వెళితే ఇంట్లోనే ఉండి లేనని చెప్పించాడు, అది ఒక ఎత్తు. గుమ్మం పక్కన వాడి చెప్పులు కనబడుతూనే ఉన్నాయి.

ఆ రోజుల్లో కూడా పూజ మానలేదు. చివర్లో అందరం చదివేదే, "అపరాధ సహస్రాణి క్రియంతేఽహర్నిశం మయా". రాత్రింబవళ్ళు వేల తప్పులు చేస్తున్నాను, నీ దాసుణ్ణనుకుని క్షమించు అని. నోరు ఆ మాట అంటుంటే మనసు అన్నయ్య బాకీకి వడ్డీ లెక్క కడుతుండేది. నేను క్షమించకుండా నన్ను క్షమించమని ఏ ముఖంతో అడగను అనిపించేది.

చాలాకాలానికి గానీ గమనించలేదు, ఆ శ్లోకంలో షరతేమీ లేదు. దాని తర్వాత చదివే "మంత్రహీనం క్రియాహీనం భక్తిహీనం" చూడండి. మంత్రం తప్పినా, క్రియ తప్పినా, చివరికి భక్తే లేకపోయినా ఈ పూజ నీకు పరిపూర్ణం కావాలి అని వేడుకోవడం. భక్తి లేదనే దేవుడి ముందు ఒప్పుకోవచ్చన్నప్పుడు, క్షమ లేదని ఒప్పుకోకూడదా? "ఈ ఒక్కటీ నావల్ల కావడం లేదు తల్లీ" అని పైకే అనండి. నేను అలాగే అన్నాను. ఆ రోజు పూజలో మొదటిసారి అబద్ధం లేదనిపించింది.

షరతు పెట్టిన మతం లేకపోలేదు. క్రైస్తవుల పరలోక ప్రార్థనలో ఉంది. మా రుణస్థులను మేము క్షమించినట్టు మా రుణాలు క్షమించమని తెలుగు బైబిల్లో ఆ మాట. మా స్కూల్లో తోటి టీచరమ్మ రోజూ చేసుకునే ప్రార్థన అది. రుణస్థులు అన్న మాట వినగానే నాకు గుచ్చుకుంది, నాది అచ్చంగా అప్పు గొడవే కదా.

కానీ నా కళ్ళు తెరిపించింది మా ఉర్దూ మాస్టారు. హజ్‌కు బయల్దేరే ముందు ఆయన ఇంటింటికీ తిరిగి "కహా సునా మాఫ్ కర్నా", అంటే మాటా మాటా ఏదైనా ఉంటే మన్నించండి అని అడిగారు. నాతో ఎప్పుడూ గట్టిగా మాట్లాడి కూడా ఎరుగరు, నా దగ్గరికీ వచ్చారు. అల్లానే అడుగుతారు కదా, మేమెందుకు అన్నాను. తనకు చేసిన తప్పును అల్లా క్షమిస్తాడు, మనిషికి చేసిన అన్యాయాన్ని మాత్రం ఆ మనిషే క్షమించాలి, అది ఆ మనిషి హక్కు అన్నారు. రాత్రంతా ఆ మాటే ఆలోచించాను. అంటే నా క్షమ నా దగ్గరే ఉంది. ఎవరూ వచ్చి లాక్కోరు, దేవుడు కూడా. మీకు ఆ మాట చెప్పిన పెద్దాయన, మీ దగ్గరున్న హక్కును మీరు తీర్చాల్సిన అప్పుగా మార్చేశారు. అది నాకు నచ్చలేదు.

ఇంకొకటి కూడా నాకు నచ్చదు. "క్షమయా ధరిత్రీ", "భూదేవంత ఓర్పు" అని ఆడవాళ్ళకే చెబుతారు. ఓర్పు వేరు, క్షమ వేరు. దిక్కులేక భరించేది క్షమ ఎలా అవుతుంది? భారతం అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజుతో వాదిస్తుంది. ప్రహ్లాదుడు మనవడు బలికి చెప్పిన మాటలు గుర్తు చేస్తుంది. ఎప్పుడూ కోపమూ మంచిది కాదు, ఎప్పుడూ క్షమా మంచిది కాదు, ఎల్లకాలం క్షమించేవాణ్ణి పనివాళ్ళు కూడా లెక్కచేయరు అని. తెలియక చేసినవాణ్ణి క్షమించాలి, తెలిసి చేసి తెలియదని బుకాయించేవాణ్ణి కాదు అని కూడా ఉంది అందులో. ధర్మరాజు ఒప్పుకోడు, క్షమనే పొగుడుతాడు. నేను మాత్రం ఆ వాదనలో ద్రౌపది పక్షమే.

ఆ ద్రౌపదే పోతన భాగవతంలో, నిద్రలో ఉన్న తన ఐదుగురు కొడుకుల్ని చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెస్తే, విడిచిపెట్టమంటుంది. నేనేడ్చినట్టు వాళ్ళమ్మ కృపి ఏడవకూడదంటుంది. వాడి మీద ప్రేమతో కాదు. ఇంకో తల్లి గుర్తొచ్చి. అలాగని అతణ్ణి ఊరికే పంపలేదు. తల గొరిగి, శిరోమణి తీసుకుని వెళ్ళగొట్టారు.

ద్రౌపదికి కృపి గుర్తుకొచ్చినట్టు నాకూ జరిగింది, మా పెద్దమ్మ పెద్దకర్మ నాడు. వదిన పంక్తిలో వడ్డిస్తూ నా విస్తరి దగ్గర వంగింది. చెవులకు కమ్మల్లేవు, వేపపుల్లలు ఉన్నాయి. మా ఆవిడ గాజులు పోయిన చోటికే ఆవిడ కమ్మలూ పోయాయన్నమాట. ఎదురుగా కూర్చున్న అన్నయ్య తలెత్తలేదు. ఆ రాత్రి నుంచి మనసులో వడ్డీ లెక్క కట్టడం ఆగింది. నేను ఆపలేదు, అదే ఆగింది.

అన్నయ్య ఈ రోజుకీ తప్పైందని అనలేదు. కిందటేడు వాళ్ళబ్బాయి చదువు లోనుకు ష్యూరిటీ అడిగితే పెట్టనని మొహం మీదే చెప్పాను. పిల్లాడి ఫీజుకు 40 వేలు చేతికిచ్చాను, తిరిగి ఇమ్మనలేదు. ఇది క్షమించడమో కాదో నేను తేల్చుకోలేదు, తేలకపోయినా నిద్ర పడుతోంది.

మీరు ఆవిడకు అన్నం కలిపి పెడుతున్నారు, పక్క మారుస్తున్నారు. దాన్ని చేయండి చాలు. ఆవిడ ఏనాడైనా తప్పైందని ఒక్క మాట అంటే, అప్పుడు మనసుకు ఏది వస్తే అది చెప్పండి. అనకపోతే మీ మనసు దాని టైము అది తీసుకుంటుంది. దీపం మాత్రం ఈ సాయంత్రమే పెట్టండమ్మా.