ట్రైనింగ్ అయిపోయింది, ఇప్పుడు ఇల్లే కొత్తగా ఉంది

తమ్ముడూ, నీ మెయిల్ రెండుసార్లు చదివా. అమెరికా ఆర్మీ రిజర్వ్‌లో (పార్ట్‌టైమ్ సైనికుల విభాగం) చేరి 10 వారాల బేసిక్ ట్రైనింగ్, దాని మీద ఏఐటీ (సైన్యంలో నీ పని నేర్పే ట్రైనింగ్), అన్నీ ముగించుకుని 7 నెలలకి ఇంటికొచ్చావు, తెల్లారగట్ల నాలుగున్నరకే మెలకువ, చెల్లి సింక్‌లో గిన్నె వదిలేసిందని అరిచేశావు, ఫ్రెండ్స్ కబుర్లు చిన్నపిల్లల గోలలా ఉన్నాయి, పాత ఆఫీసులో మేనేజర్‌తో డ్రిల్ (మామూలుగా నెలకో వీకెండ్ యూనిట్‌లో చేసే డ్యూటీ) సంగతి చెప్పాలంటే భయం. ఇదీ కదా?

నీలో ఏదో పాడైపోయిందనుకోకు. 7 నెలలు ఎప్పుడు లేవాలో ఎప్పుడు తినాలో ఎవరో ఒకరు చెప్పారు, పక్క మంచం వాడు నీతోపాటే తిట్లు తిన్నాడు, నీతోపాటే నవ్వాడు, ఒక్క రోజులో అదంతా మాయం. ఫుల్‌టైమ్ వాళ్ళు ట్రైనింగ్ అయ్యాక యూనిట్‌కి పోతారు, నువ్వేమో నీ పాత గదికొచ్చి పడ్డావు. వెలితిగా ఉండదా మరి?

కానీ ఇంటిని బ్యారక్ చేయకు. కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టింది నువ్వు, చెల్లి కాదు. (గిన్నెలు మా సింక్‌లోనూ ఉన్నాయిలే.) ముందు తనకి సారీ చెప్పు, స్పీచ్ వద్దు. అమ్మ ఎలా గడిచిందని అడిగితే "బానే ఉంది" అని ఊరుకున్నావట, పాపం ఆవిడకేం తెలుస్తుంది? అక్కడ నవ్వొచ్చిన సంగతి ఒక్కటైనా చెప్పు.

యూనిట్‌లో మొదటి డ్రిల్స్ పేపర్లు నింపడం, వెయిట్ చేయడంతోనే అయిపోయాయని నిరాశ పడ్డావు, చాలామందికి అంతే. నీ ట్రైనింగ్ బ్యాచ్‌లో ఒకడికి వారానికోసారి ఫోన్ చెయ్, పరుగు మాత్రం మానకు.

ఉద్యోగం విషయంలో భయం అక్కర్లేదు. సైనిక డ్యూటీకి వెళ్ళొచ్చినవాళ్ళ ఉద్యోగాన్ని కాపాడే యుసెరా అని 1994 నాటి చట్టం ఉంది, 180 రోజులు దాటి ట్రైనింగ్‌లో ఉన్నవాళ్ళు అది ముగిసిన 90 రోజుల్లోపు పాత ఉద్యోగానికి అప్లై చేసుకోవాలి, ఆ గడువు మాత్రం చూసుకో. డ్రిల్ కోసం నీ సెలవులు వాడుకోమని కంపెనీ బలవంతపెట్టకూడదు. డ్రిల్ డేట్ల షీట్ చేతికి రాగానే మేనేజర్‌కి మెయిల్‌లో పంపెయ్, నోటిమాటగా వదిలేయకు.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, మనసు విప్పాలనిపించినా సైనికులకి, వాళ్ళ కుటుంబాలకి సాయం చేసే మిలిటరీ వన్‌సోర్స్‌లో కౌన్సెలింగ్ ఫ్రీ, రిజర్వ్ వాళ్ళకి కూడా. చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం ఆగొద్దు, వెంటనే అమెరికా హెల్ప్‌లైన్ 988 కొట్టి, సైనికుల లైన్ కోసం 1 నొక్కు.

రేపు పరుగుకి చెల్లిని కూడా రమ్మను. రాకపోతే నిద్రపోనీ, నాలుగున్నరకి లేపకు.