గేర్ బాక్స్ దించే ముందు

చిట్టితల్లీ,

రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. ఆ పాత కారుకి గేర్లు పడటం లేదట, నువ్వే గేర్ బాక్స్ దించి క్లచ్ ప్లేట్ మార్చేస్తానంటున్నావట. గర్వంగానే ఉంది, నిద్ర మాత్రం పట్టలేదు. పానా పట్టుకోవడం నీకు నేర్పింది నేనే. అందుకే వద్దని చెప్పను. కానీ దేనికి దించుతున్నావో తేల్చుకోకుండా దించకు.

ముందు పెడల్ కింద మ్యాట్ ముడుచుకుని అడ్డుపడుతోందేమో చూడు. తర్వాత ఇంజన్ ఆపి, క్లచ్ తొక్కి, ఒక్కో గేరూ వేసి చూడు. అప్పుడూ గట్టిగానే ఉంటే లివర్ నుంచి గేర్ బాక్స్‌కి వెళ్లే రాడ్లు, బుష్‌లు చూడాలి. ఆపి ఉన్నప్పుడు హాయిగా పడి, స్టార్ట్ చేయగానే మొరాయిస్తే క్లచ్ పూర్తిగా వదలడం లేదు, అంటే పెడల్ తొక్కినా ఇంజన్‌ని గేర్ బాక్స్ నుంచి విడదీయడం లేదు. అది రూఢి చేసుకోవాలంటే ఇంజన్ నడుస్తుండగా క్లచ్ అడుగంటా తొక్కి, పది లెక్కపెట్టి రివర్స్ వెయ్యి. చాలా పాత కార్లలో రివర్స్‌కి సింక్రో రింగ్, అంటే గేర్ పడేముందు వేగాల్ని సమం చేసే రింగు, ఉండదు, అందుకే క్లచ్ వదలకపోతే గర్రుమని బయటపెట్టేస్తుంది. ఒక్క గేరే మొండికేస్తుంటే ఆ గేర్ సింక్రో రింగ్‌ని అనుమానించు.

ప్లేట్ అరిగితే కనిపించే లక్షణం వేరు. టాప్ గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం వేగం అందుకోదు. నీ కారు అలా జారుతోందని మీ నాన్న అనలేదు. మరి ప్లేట్ మీద పడ్డావెందుకు?

నేనూ అలాగే పడ్డాను. నీ వయసులో నాకు ఇలాంటి కారే ఉండేది. పొద్దున్నే ఫస్ట్ గేర్ పడేది కాదు. పెడల్ రెండుమూడు సార్లు గబగబా తొక్కితే పడేది. లోపం పెడల్ ఒత్తిడిని క్లచ్‌కి చేరవేసే ఆయిల్ లైన్లో ఉందనడానికి అంతకంటే గుర్తేం కావాలి? నాకు తట్టలేదు. క్లచ్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గితే పోశాను. మళ్లీ తగ్గితే మళ్లీ పోశాను. పోసిందంతా ఎటు పోతోందని ఒక్కసారీ అనుకోలేదు. గేర్లను అరచేత్తో నెట్టి నెట్టి సెకండ్ గేర్ సింక్రో రింగ్ కూడా పాడుచేశాను.

చివరికి గేర్ బాక్స్ దించడానికి కారు కింద దూరాను. కారుని మోసే స్టాండ్లు లేవు, ఒట్టి జాకీ. ఒక బోల్టు బిగుసుకుపోతే రెండు చేతులా గుంజాను. కారు ఊగింది, జాకీ ఒరిగింది. ఎలా దొర్లి బయటపడ్డానో తెలియదు. తిరిగి చూస్తే నేను పడుకున్న చోట సైలెన్సర్ గొట్టం నేలకి ఆని ఉంది. పక్కన టార్చ్ పట్టుకుని నిలబడ్డ పిల్లవాడు మీ నాన్న. రాత్రి వాడి గొంతు ఎందుకు వణికిందో ఇప్పుడు అర్థమైందా?

ఇంతా చేసి దించితే ప్లేట్ బాగానే ఉంది. అయినా కొత్తది వేసి ఎక్కించాను. గేర్ పడలేదు. అప్పుడు ఒక పెద్దాయన వచ్చి, బానెట్ ఎత్తి, ఆయిల్ ఒత్తిడితో రాడ్‌ని నెట్టి క్లచ్‌ని వదిలించే స్లేవ్ సిలిండర్ మీది రబ్బరు తొడుగు వేలితో జరిపాడు. వేలికి నల్లటి తడి అంటింది. లోపల చిన్న రబ్బరు సీల్ అరిగి, ఆయిల్ పక్కనుంచి జారిపోతోంది. పెడల్ అడుగుకి వెళ్లినా రాడ్ సగమే కదిలేది. నిలబడి చూస్తే కనిపించే లోపం కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్నాను.

కాబట్టి ఆ తొడుగు జరిపి చూడు. పెడల్ పైన, తొక్కినప్పుడు ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ దగ్గర కూడా తడి ఉందేమో చూడు. ఎవరినైనా పెడల్ తొక్కమని, ఆ రాడ్ నెట్టే క్లచ్ ఫోర్క్ ఎంత కదులుతోందో కళ్లారా చూడు. ఆయిల్‌కి బదులు తీగతో నడిచే కేబుల్ క్లచ్ అయితే పోగులు తెగాయేమో, ఫ్రీ ప్లే, అంటే క్లచ్ పట్టుకునేలోపు పెడల్‌కి ఉండే వదులు, మాన్యువల్‌లో చెప్పినంత ఉందో లేదో చూడు. కొన్ని కార్లలో స్లేవ్ సిలిండర్ గేర్ బాక్స్ దగ్గరే లోపల ఉంటుంది. దానికి మాత్రం దించక తప్పదు. క్లచ్ ఆయిల్ డబ్బా మూత మీద ఏ రకం రాసి ఉంటే అదే పొయ్యి, పెయింట్ మీద ఒలకనివ్వకు. గేర్ ఆయిల్ విషయంలో కూడా మాన్యువల్ జీఎల్-4 రకం అంటే జీఎల్-5 రకం పోసెయ్యకు. కొన్ని జీఎల్-5 ఆయిళ్లు ఇత్తడి సింక్రో రింగులను తినేస్తాయి.

నిజంగా దించాల్సి వస్తే చదునైన గట్టి నేల, చక్రాలకి అడ్డు, జాకీ కాదు స్టాండ్లు. కింద దూరే ముందు కారుని పక్కనుంచి గట్టిగా నెట్టి చూడు, కదిలితే దూరకు. ప్లేట్, దాన్ని నొక్కిపట్టే ప్రెషర్ ప్లేట్, దాన్ని వదిలించే రిలీజ్ బేరింగ్ మూడూ ఒకేసారి మార్చు. లోపలి దుమ్ముని గాలితో ఊదకు, తడిగుడ్డతో తుడువు. పాత ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు.

రేపు ఆ తొడుగు జరపగానే తడిగా ఉందో పొడిగా ఉందో ఫోన్ చేసి చెప్పు. పొడిగా ఉంటే నా స్టాండ్లు తీసుకుని నేనే వస్తాను. అప్పటిదాకా జాకీ ముట్టుకోకు తల్లీ.

పెదనాన్న