బ్యాగులో కండోమ్ దొరికితే కేసు అవుతుందా?

ప్రశ్న: మేడమ్, నేను సెక్స్ వర్కర్ని, వయసు 34. ఆమధ్య పోలీసులు నా బ్యాగు వెతికి, కండోమ్‌లు చూసి "ఇదే సాక్ష్యం, పీటా (వ్యభిచార వ్యాపార నిరోధక చట్టం) కేసు పెడతాం" అని బెదిరించారు. అప్పటినుంచి వెంట ఉంచుకోవడం మానేశాను. రెండు వారాల క్రితం ఒక కస్టమర్ మధ్యలో కండోమ్ తీసేశాడు. అతనికి హెచ్ఐవీ ఉందని తర్వాత తెలిసింది. పరీక్షకు వెళితే పోలీసులకు, ఇంట్లోవాళ్ళకు తెలిసిపోతుందని టెన్షన్‌గా ఉంది. అతని మీద కేసు పెట్టొచ్చా?

జవాబు: అమ్మా, కేసు సంగతి తర్వాత చూద్దాం. ముందు పరీక్షకు వెళ్ళండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ (హెచ్ఐవీ సలహా, పరీక్ష) కేంద్రాల్లో ఉచితంగా చేస్తారు. 2017లో వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మీ సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు. మీకు వైద్యం చేసే సిబ్బంది లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, మీరు రాసి ఇస్తేగానీ ఫలితాన్ని బయటపెట్టకూడదు. స్టేషన్ నుంచి ఎవరో అడిగారని రిపోర్టు ఇచ్చేయడం కుదరదు.

సోకిన కొత్తలో పరీక్షలో బయటపడకపోవచ్చు. అందుకే ఇప్పుడు నెగెటివ్ వచ్చినా మూడు నెలలు నిండాక మళ్ళీ చేయించుకోండి. ఇలాంటిది జరిగిన 72 గంటల్లోపు డాక్టర్ని కలిస్తే, వైరస్ సోకకుండా 28 రోజులు వాడే మందులు ఇస్తారు. భయం వల్ల మీకు ఆ గడువు దాటిపోవడం నన్ను చాలా బాధపెట్టింది.

ఇక కండోమ్ సంగతి. మీ బ్యాగులో అవి ఉండటం నేరం కాదు. పైన చెప్పిన హెచ్ఐవీ చట్టంలోని 22వ సెక్షన్ దీనికోసమే ఉంది. హెచ్ఐవీ ముప్పు తగ్గించడానికి చేసే పనుల్ని అడ్డుకోకూడదు, వాటిమీద సివిల్ కేసుగానీ క్రిమినల్ కేసుగానీ ఉండకూడదు అంటుంది. చట్టం ఇచ్చిన ఉదాహరణే మీకు సరిపోతుంది: ఒకరు సెక్స్ వర్కర్‌కో, ఆమె కస్టమర్‌కో కండోమ్‌లు ఇస్తే, ఇచ్చినవాళ్ళకూ పుచ్చుకున్నవాళ్ళకూ ఏ బాధ్యతా అంటదు. 2022 మే 19న బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సుప్రీంకోర్టు కూడా, సెక్స్ వర్కర్లు ఆరోగ్యం కోసం వాడే కండోమ్‌ల్ని నేరంగా చూడకూడదని, నేరానికి సాక్ష్యంగానూ తీసుకోకూడదని ఆదేశించింది. ఈసారి ఎవరైనా బెదిరిస్తే ఈ తీర్పు పేరు చెప్పండి. పంచనామాలో కండోమ్‌లు రాస్తే దాని నకలు అడిగి తీసుకోండి, మీ వకీలుకు అదే ఆధారం.

అయితే ఒక జాగ్రత్త. పీటా చట్టంలో వ్యభిచారం చేయడమే నేరమని లేదు గానీ, బహిరంగంగా పిలవడం (8వ సెక్షన్), గుడి, బడి, ఆసుపత్రి లాంటి చోట్లకు 200 మీటర్లలోపు చేయడం (7వ సెక్షన్) ఇప్పటికీ నేరాలే. కండోమ్‌లు లేనంత మాత్రాన ఆ కేసులు ఆగవు. వెంట ఉంచుకోకపోతే నష్టం మీ ఒంటికే. కాబట్టి మళ్ళీ ఉంచుకోండి, తెచ్చే పని కస్టమర్‌కు వదలకండి.

అతని విషయానికొస్తే, తనకు హెచ్ఐవీ ఉందని తెలిసిన మనిషి ఎదుటివారికి సోకకుండా జాగ్రత్త పడాలి, లేదా ముందే చెప్పాలి. ఇది హెచ్ఐవీ చట్టంలోని 10వ సెక్షన్. నిర్లక్ష్యంగానో దురుద్దేశంతోనో ప్రాణాంతక వ్యాధి సోకే పని చేస్తే భారతీయ న్యాయ సంహితలోని 271, 272 సెక్షన్లు వర్తిస్తాయి. కానీ ఆ రోజుకే తనకు హెచ్ఐవీ ఉందని అతనికి తెలుసునని రుజువు చేయాలి, అది తేలిక కాదు. అతను హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు క్రమం తప్పకుండా వాడుతూ, వైరస్ పరీక్షకు దొరకనంత తగ్గి ఉంటే లైంగికంగా సోకదు. అది మీకూ ఊరట కావచ్చు. మీ ఒప్పందాన్ని కాదని కండోమ్ తీసేయడం మాత్రం తప్పే. తేదీ, సమయం, మెసేజ్‌లు ఇప్పుడే భద్రపరచుకోండి.

వకీలు ఖర్చు గురించి బెంగ వద్దు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కు ఫోన్ చేయండి. హెచ్ఐవీ సందేహాలకు 1097 ఉంది. కోర్టుదాకా వెళ్ళినా, హెచ్ఐవీ ఉన్నవారి అసలు పేరు బదులు మారుపేరుతో విచారణ జరపమని హెచ్ఐవీ చట్టంలోని 34వ సెక్షన్ కింద అడగొచ్చు.