ముసురులో గిటారుకు లాకర్ కొడితే తెల్లగా ఎందుకు మసకబారుతుంది?

గాలిలోని తేమ లాకర్ (చెక్క మీద మెరుపు కోసం కొట్టే వార్నిష్ లాంటి పూత) పొరలో చిక్కుకోవడం వల్లే ఎలక్ట్రిక్ గిటారు మీద ఆ పాలలాంటి తెలుపు వస్తుంది. లాకర్‌ను పలుచన చేసే ద్రావకం, అంటే థిన్నర్, చాలా వేగంగా ఆవిరవుతూ పైపొరను చల్లబరుస్తుంది. చల్లటి నీళ్ల గ్లాసు బయట చెమ్మ పట్టినట్టే అక్కడా నీరు చేరుతుంది. నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు కదా, ముసురు రోజున వరండాలో స్ప్రే చేస్తే జరిగేది ఇదే. లాకర్ నకిలీదనో, చెక్క చెడిపోయిందనో అనుకుని చాలామంది మొత్తం గీకేస్తారు. దయచేసి తొందరపడకండి. పొడిగా ఎండ కాసిన రోజు, నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్‌ను పలుచగా స్ప్రే చేస్తే పొర మళ్లీ మెత్తబడి తేమ బయటికి పోతుంది, తెలుపు చాలావరకు విడుస్తుంది. తెల్లబడిన పొర మీదే ఇంకో మందపాటి లాకర్ కోటు మాత్రం వేయకండి, తేమ లోపలే ఉండిపోతుంది.