జనవరి ఎండకు అల్గార్వే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోర్చుగల్ దేశపు దక్షిణ తీరాన్ని అల్గార్వే అంటారు. చలికాలంలో ఇద్దరే వెళ్లి పదిరోజులు ఎండలో కూర్చుని వద్దామనుకునే దంపతులు ఈమధ్య చాలా ఉత్తరాలు రాస్తున్నారు. వాటిలో కొన్నింటికి ఈసారి జవాబులు.

ఫొటోల్లో అందరూ టీషర్టులతో కనిపిస్తున్నారు. జనవరిలో నిజంగా అంత వెచ్చగా ఉంటుందా? సముద్రంలో దిగొచ్చా?
– కె.ఆర్., విజయవాడ

ఎండ ఉంటుంది. వెచ్చదనం మాత్రం ఆ ఎండ పడేచోటే ఉంటుంది. అల్గార్వే ముఖ్యపట్టణం ఫారోలో జనవరి పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 16 డిగ్రీలు, రాత్రి 8. అంటే అక్కడి మిట్టమధ్యాహ్నం మన హైదరాబాద్ జనవరి తెల్లవారుజాముతో సమానం. అయినా గాలి తగలని తెల్లగోడ వారగా కుర్చీ వేసుకుంటే పది నిమిషాల్లో స్వెటర్ విప్పేస్తారు. లేచి వీధి మలుపు తిరిగి నీడలోకి వెళ్లగానే మళ్లీ తొడుక్కుంటారు. మీరు చూసిన టీషర్టు ఫొటోలు అబద్ధం కాదు, కాకపోతే అవి పన్నెండుకీ మూడుకీ మధ్య తీసినవి.

డిసెంబరు చివర్లో పొద్దు పొడిచేది 7.40 దాటాక, కుంకేది 5.20 ప్రాంతంలోనే. అస్తమయం అయ్యాక అరగంటలో చలి పట్టేస్తుంది. కాబట్టి బయట తిరిగే పనులన్నీ పదింటికీ నాలుగున్నరకీ మధ్య పెట్టుకోండి. నవంబరు నుంచి జనవరి దాకా అక్కడ వానకాలం కూడా. అట్లాంటిక్ మీంచి వచ్చే ముసురు రెండు మూడు రోజులు పట్టి, ఆపైన వరసగా నీలాకాశం చూపిస్తుంది. నాలుగు రోజుల ప్రయాణం పెట్టుకుంటే ఆ నాలుగూ ముసురులోనే పోవచ్చు. ఎనిమిది, పది రోజులైతే ఎండ దక్కకుండా పోదు.

తేదీలు మీ చేతిలో ఉంటే ఫిబ్రవరి మొదటి పక్షమే మా సలహా. అప్పటికి పొద్దు ఆరింటిదాకా ఉంటుంది, కొండవాలుల్లో బాదం చెట్లు పూస్తాయి. ఉత్తరదేశపు రాకుమారి మంచు కోసం బెంగపెట్టుకుంటే అరబ్బు రాజు ఊరంతా బాదం నాటించాడని అక్కడివాళ్లు చెప్పుకునే కథ. ఆకు రాకముందే కొమ్మనిండా తెల్లగా పూస్తుంది కాబట్టి కథ నమ్మబుద్ధేస్తుంది.

సముద్రం సంగతి: నీళ్లు 15, 16 డిగ్రీలు. చీలమండల దాకా దిగి నడవడానికి బావుంటుంది, ఈతకు వెట్‌సూట్ కావాలి. బీచ్‌లో కాపలా ఉండే లైఫ్‌గార్డులు వేసవి సీజన్‌కే పరిమితం. చలికాలపు అలలు చూడ్డానికి ఎంత మెత్తగా ఉన్నా లోపలికి లాగుతాయి.

బట్టల విషయంలో ఒక మందపాటి కోటు కన్నా మూడు పల్చటి పొరలు మేలు: పత్తి బనియను, ఉన్ని స్వెటర్, పైన గాలీ వానా ఆపే జాకెట్. గొడుగు ఆ గాలికి తిరగబడుతుంది. చెప్పులు ముఖ్యం. ఊళ్లలో కాలిబాటలన్నీ చిన్న చిన్న సున్నపురాయి ముక్కలు పేర్చినవి, తరాల అడుగులకు అరిగి నునుపెక్కాయి. తడిసినప్పుడు నున్నటి అడుగున్న బూట్లతో నడిస్తే జారడం ఖాయం.

మేం నెలరోజులు ఉండాలనుకుంటున్నాం. చలికాలంలో అపార్ట్‌మెంట్ అద్దెలు సగానికి దిగుతున్నాయి. హోటల్ కన్నా అదే నయమా? ఏం చూసుకోవాలి?
– పి.ఎల్. దంపతులు, మిల్టన్ కీన్స్, ఇంగ్లండ్

నెలకైతే అపార్ట్‌మెంటే. కానీ ఇంగ్లండ్ ఇల్లు మనసులో పెట్టుకుని వెళ్లకండి. అల్గార్వే ఇళ్లు ఎండాకాలానికి కట్టినవి: గచ్చంతా టైల్స్, చాలాచోట్ల ఒంటి అద్దం కిటికీలు, గోడల్లో వేడి నిలిపే పొర ఉండదు, సెంట్రల్ హీటింగ్ అరుదు. జనవరిలో పగటిపూట బయటికన్నా లోపలే చల్లగా ఉండటం మామూలు. వెళ్లినవాళ్లు ఎక్కువగా తిట్టుకునేది వానని కాదు, ఈ ఇంటి చలినే.

డబ్బు కట్టేముందు ఇంటివారిని అడగాల్సినవి. బాల్కనీ దక్షిణ ముఖమా? అవునంటే, మధ్యాహ్నం తీసిన ఫొటో పంపమనండి. సముద్రం కనిపించే ఉత్తరపు గది కన్నా సందు కనిపించే దక్షిణపు గది వెయ్యిరెట్లు నయం. ఏసీ వేడిగాలి కూడా ఇస్తుందా, అది పడగ్గదిలో ఉందా, హాల్లో మాత్రమే ఉందా? తేమ లాగే యంత్రం ఉందా? లేకపోతే ఉతికిన బట్టలు మూడు రోజులైనా ఆరవు, అలమరలో బూజు వాసన వస్తుంది. కరెంటు అద్దెలో కలిసిందా, దానికి పరిమితి ఉందా? పరిమితి రాతలో లేకపోతే ఖాళీ చేసేరోజు పేచీ వస్తుంది.

కరెంటు గురించి ఇంకో మాట. అక్కడ ప్రతి ఇంటికీ ఇంత లోడు అని ఒప్పందం ఉంటుంది. చిన్న ఫ్లాట్లకు తరచూ 3.45 కేవీఏ, అంటే సుమారు 3,450 వాట్లు. మీ ఆయిల్ హీటరు 2000 వాట్లు, నీళ్లు కాచే కెటిల్ ఇంకో 2000. రెండూ ఒకేసారి వేశారంటే ఇల్లంతా చీకటి. పాడైందేమోనని కంగారు పడక్కర్లేదు. రెండూ ఆపి, తలుపు పక్కన ఉండే స్విచ్చుల పెట్టెలో మెయిన్ పైకెత్తండి. ఆ తర్వాత హీటరు ఆపాకే కెటిల్ పెట్టుకోండి.

వంటింట్లో నీళ్లు గ్యాస్ గీజరుతో కాగుతుంటే అక్కడ కిటికీ దగ్గరో గోడలోనో గాలి రంధ్రం ఉంటుంది. చలేస్తోందని దాన్ని గుడ్డతో మూసేయకండి. గ్యాస్ సరిగా కాలక పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనుండదు, ప్రాణం తీస్తుంది. పొయ్యి ఏ రకమో కూడా అడగండి. ఇండక్షన్ అయితే మీ అల్యూమినియం కుక్కరు దండగ, అడుగున అయస్కాంతం అంటుకునే స్టీలు కుక్కరే పట్టుకెళ్లాలి. ఇక ప్రకటనలో నీలంగా మెరిసే ఈతకొలను... వేడి చేసేదని రాసుంటే తప్ప, అది చూడ్డానికే.

మాకు 66, 63 ఏళ్లు. కారు నడపం. ఏ ఊళ్లో దిగితే మంచిది?
– ఎస్.వి., కాకినాడ

రైలు పట్టాల మీదున్న ఊరే ఎంచుకోండి. తీరం పొడుగునా తూర్పున విలా రియాల్ ద శాంతు అంతోనియు నుంచి పడమర లాగుష్ దాకా ఒకే లైను ఉంది. లిస్బన్ నుంచి ఫారోకు సుమారు 3 గంటలు. ముందుగా కొంటే టికెట్ బాగా చవక, పైగా 65 నిండినవారికి సగం ధరే. పాస్‌పోర్టు చూపిస్తే చాలు, ఏ దేశంవారైనా సరే. సమ్మెలు తరచూ జరుగుతాయి కాబట్టి రైలెక్కే ముందురోజు ఒకసారి కనుక్కోండి. విమానం అందుకోవాల్సిన రోజైతే ముందురోజు రాత్రికే చేరుకోవడం క్షేమం.

రెండు ఊళ్లు మీకు సరిపోతాయి. పడమట లాగుష్: ఎర్రటి సున్నపురాతి కొండచరియలు, పోస్ట్‌కార్డుల్లో కనిపించేవి ఇవే. స్టేషన్ నుంచి ఊళ్లోకి నడిచిపోవచ్చు. కానీ ఎత్తుపల్లాలు, మెట్లు ఎక్కువ. తూర్పున తవీరా: చదునైన ఊరు, నది, ఉప్పుమడులు, ఫ్లెమింగోలు. మోకాళ్లు ఇబ్బంది పెడుతుంటే కళ్లు మూసుకుని తవీరాకే వెళ్లండి. అక్కడినుంచి రైల్లో ఒల్యాఁవ్‌కు వెళ్తే నీటి ఒడ్డునే ఎర్ర ఇటుకల మార్కెట్ భవనాలు రెండు కనిపిస్తాయి, ఒకదాంట్లో చేపలు, రెండోదాంట్లో కూరగాయలు. శనివారం పొద్దున పల్లెల రైతులు బయట కూడా పరుస్తారు. ఆదివారం వెళ్తే మూసిన తలుపులు చూసి రావడమే. ఆ రేవు నుంచే కులాత్రా దీవికి ఏడాది పొడవునా పడవ నడుస్తుంది. దీవిలో కార్లుండవు.

ఆల్బుఫేరా విషయంలో ఒక్కటి గమనించండి. స్టేషన్ పేరులో ఆ ఊరుంటుంది గానీ, స్టేషన్ ఉన్నది ఫెరేరష్‌లో, బీచ్‌కు సుమారు ఆరు కిలోమీటర్లు. పైగా వేసవి జాతర ఊరు కావడంతో జనవరిలో సగం షట్టర్లు దించి ఉంటాయి.

కారు నడిపే పాఠకుల కోసం: తీరం వెంబడి పోయే ఏ22 హైవే మీద టోల్ 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు. పాత వ్యాసాలు చదివి టోల్ పరికరం అద్దెకు తీసుకోకండి. లిస్బన్ నుంచి దిగే ఏ2 మీద మాత్రం టోల్ ఉంది. ఆటోమేటిక్ గేరు కావాలంటే ముందే చెప్పాలి, అద్దెకిచ్చేవి ఎక్కువగా మాన్యువల్. మన లైసెన్సుతోపాటు అంతర్జాతీయ పర్మిట్ తీసుకెళ్లండి.

బెనజీల్ అనే సముద్రపు గుహలో ఇసుక మీద నిలబడి ఫొటో తీసుకోవాలని మా ఆవిడ కోరిక. జనవరిలో పడవలు ఉంటాయా?
– ఎం.జి., వరంగల్

పడవలు ఉంటాయి. ఆ ఫొటో మాత్రం కుదరదు. 2024 నుంచి గుహలో ఇసుక మీద దిగడం, ఈదుకుంటూ లోపలికి వెళ్లడం నిషిద్ధం. కయాక్ అయితే గైడ్‌తోనే వెళ్లాలి. ఇప్పుడు వచ్చే ఇసుక ఫొటోలు పాతవే.

జనవరిలో అల లేస్తే పడవ రద్దు. ఆ నిర్ణయం ఆ రోజు పొద్దున పడవ నడిపేవారిది. అందుకే మీ యాత్రలో రెండోరోజో మూడోరోజో బుక్ చేసుకోండి, ఆఖరి రోజున పెట్టుకుంటే మళ్లీ అవకాశం ఉండదు. డబ్బు తిరిగిచ్చే షరతు చూసుకోండి.

పడవ లేకపోయినా పైనుంచి నడక ఉంది, నిజానికి చలికాలానికి అదే సరైన పని. మరీన్యా బీచ్ నుంచి వాల్ సెంత్యానిష్ బీచ్ దాకా కొండచరియల అంచున సుమారు 6 కిలోమీటర్ల బాట. వెళ్లిరావడానికి రోజులో మంచి భాగం పడుతుంది. ఓపిక లేకపోతే మరీన్యా నుంచి బెనజీల్ దాకా వెళ్లి వెనక్కి రండి. గుహ పైకప్పు చిల్లు దారిలోనే కంచె మధ్య కనిపిస్తుంది. వాన పడ్డ మర్నాడు వద్దు, ఎర్రమట్టి బూట్లకు ముద్దలుగా అంటుకుంటుంది.

గోడవార ఎండ బావుంటుందని పైన రాశాం గదా, అది ఇంటి గోడ. బీచ్‌లో కొండచరియ కింద కూర్చోకండి. ఆ రాయి వాననీటికి నాని విరిగిపడుతుంది. 2009 ఆగస్టులో మరియా లుయీజా బీచ్‌లో చరియ కూలి అయిదుగురు పోయారు. చరియ ఎంత ఎత్తో దానికి ఒకటిన్నర రెట్ల దూరం పాటించాలన్నది అక్కడి సూచన. 20 మీటర్ల చరియకు 30 మీటర్లు. పోటు వచ్చినప్పుడు చిన్న బీచ్‌ల్లో అంత చోటే మిగలదు, తిరిగొచ్చే దారీ మూసుకుపోవచ్చు. బయల్దేరేముందు ఆటుపోట్ల సమయాలు చూసుకుని, నీరు వెనక్కి తగ్గే పాటు వేళకు వెళ్లండి.

మేం శాకాహారులం. గుడ్డు కూడా తినం. చేపల దేశంలో ఏం తిని బతకాలి?
– టి.ఎస్., రాజమహేంద్రవరం

వంటిల్లున్న బసే మీకు దారి. బయట 'సెం కార్న్, సెం పైష్' అనండి, మాంసం, చేప వద్దని. అయినా కాల్దు వెర్ద్ అనే ఆకుకూర సూపులో షోరీసు అనే పంది మాంసపు ముక్క తేలుతుంది, మామూలు సలాడ్‌లో ట్యూనా రావచ్చు. మిఠాయిల్లో గుడ్డు సొన లేనివి వెతకడం కష్టం, పేరుపడ్డ పస్తేల్ ద నాతా సహా. కూర్చోగానే అడక్కుండా పెట్టే రొట్టె, ఆలివ్‌లు ఉచితం కావు. వద్దంటే తీసేస్తారు, ముట్టుకుంటే బిల్లులో వస్తుంది.

సూపర్‌మార్కెట్‌లో కరొలీను అని రాసిన బియ్యం ముద్దవుతుంది, అన్నానికి అగూల్యా గానీ బాస్మతి గానీ తీసుకోండి. పెరుగుకు 'ఇయొగుర్త్ నతురాల్'. శనగలు, మసూర్ దొరుకుతాయి, కందిపప్పు వెంట తీసుకెళ్లండి. ఆవకాయకు అభ్యంతరం లేదు. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు యూరప్‌లోకి తేనివ్వరు. పచ్చి కరివేపాకూ అంతే, పొడి చేసి పట్టుకెళ్లండి. మనకు మిరపకాయ తెచ్చిచ్చింది పోర్చుగీసువాళ్లే, వాళ్ల వంటలో మాత్రం కారం కనపడదు. పిరి-పిరి అనే కారపు సాస్ సీసా అడిగి తెప్పించుకోండి. శీతకాలం నారింజల కాలం. సిల్వష్ చుట్టుపక్కల రోడ్డువార సంచుల్లెక్కన అమ్ముతారు, తొక్క మచ్చలుగా ఉన్నవే తియ్యగా ఉంటాయి.

వీసా ఎప్పుడు పెట్టుకోవాలి?
– డి.ఎన్., హైదరాబాద్

ప్రయాణానికి 6 నెలల ముందునుంచి తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందు అందాలి. మీరు మూడు నెలల ముందే అపాయింట్‌మెంట్ పట్టండి. రుసుము పెద్దలకు 90 యూరోలు, సేవా కేంద్రం ఛార్జీ అదనం. కనీసం 30,000 యూరోల వైద్యబీమా ఉండాలి. పాస్‌పోర్టు పదేళ్లలోపు జారీ అయినదై, తిరుగు తేదీ తర్వాత ఇంకో 3 నెలలు చెల్లాలి. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే ఇమిగ్రేషన్ అక్కడే జరుగుతుంది. వేలిముద్రలు, ఫొటో నమోదు చేసే కొత్త పద్ధతి 2025 అక్టోబరు 12న మొదలైంది, కాబట్టి రెండో విమానానికి మూడు గంటల వ్యవధి పెట్టుకోండి. బ్రిటన్‌లోనో అమెరికాలోనో ఉంటున్నా, చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టయితే ఈ వీసా తప్పదు.

తిరిగొచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవచ్చు?
– ఎన్.కె., నెల్లూరు

ఉప్పు. తవీరా, కాస్ట్రు మరీం ఉప్పుమడుల్లో నీటిపైన తేలే పలుచటి పొరను చేత్తో తీసి 'ఫ్లోర్ ద సాల్' అని అమ్ముతారు. సహజంగానే కాస్త తడిగా ఉంటుంది, మీ ఊరి తేమకు ఇంకా గడ్డకడుతుంది కాబట్టి బిగువైన మూతున్న గాజుసీసాలోకి మార్చండి. పులుసులో వేస్తే కరిగి మామూలు ఉప్పే. పుల్లమామిడి ముక్కమీద ఆఖరున చల్లుకోండి.