కోతిరాజు మనోడేనా? – మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో జాకీ చాన్, జెట్ లీ కలిసి చేసిన 2008 నాటి ఫర్బిడెన్ కింగ్‌డమ్ గురించి రెండే రెండు ముక్కలు రాసా, దానికొచ్చిన ఉత్తరాలు చూసి కళ్ళు తిరిగినయ్. అందుకే మిగతా ప్రశ్నలన్నీ పక్కనబెట్టి ఈసారి దీని మీదే కూర్చుందాం. చూడనోళ్ళ కోసం కథ: బోస్టన్‌లో ఒక కుర్రాడు, కుంగ్‌ఫూ సినిమాల పిచ్చి, చైనాటౌన్‌లో ఓ ముసలాయన తాకట్టు కొట్లో పాత కర్రొకటి చేతికొస్తుంది, దాంతో సహా ఎప్పటిదో చైనాలో పోయి పడతాడు, అక్కడ రాయైపోయి ఉన్న కోతిరాజుకి ఆ కర్ర తిరిగిచ్చేయాలి. అంతే.

ప్ర: మావాడితో కలిసి చూసానండీ. ఆ కోతి, ఆ ఎగరడం, ఆ కర్ర చూసి మా బావమరిది "ఇది మన ఆంజనేయస్వామే, గద తీసేసి కర్ర పెట్టారు" అని ఒకటే గోల. నిజమేనా? – ఒక పాఠకుడు, వన్‌టౌన్, విజయవాడ

జ: మీ బావమరిది ఒక్కడే కాదండీ, చైనాలోనే పెద్ద పండితుడు హు షి 1923లో ఇదే మాటన్నాడు, ఈ కోతికి మూలం మన హనుమంతుడే అని. ఇంకో మహా రచయిత లూ షున్ ఒప్పుకోలా, మా పాత కథల్లో వుజిచి అని నీళ్ళలో ఉండే కోతి భూతం ఉంది, దాన్నుంచే పుట్టాడన్నాడు. ఇద్దరూ పోయారు, గొడవ మాత్రం ఉంది. నన్నడిగితే స్వభావం చూడండి. మన స్వామి చిన్నప్పుడు సూర్యుణ్ణి పండనుకుని ఎగిరాడు, అల్లరి దాంతో సరి, ఆ తర్వాతంతా రామనామమే. ఈయనేమో స్వర్గంలో తోటకి కాపలా పెడితే అక్కడి పళ్ళే తినేశాడు, యముడి చిట్టాలో తన పేరు తనే కొట్టేసుకున్నాడు, దేవుళ్ళందరి మీదా యుద్ధానికెళ్ళాడు. చివరికి బుద్ధుడు కొండకింద పెట్టి 500 ఏళ్ళు అదిమేశాడు. మనోళ్ళతో పోల్చాలంటే హనుమంతుడి కంటే ఏ కిష్కింధ రౌడీతోనో పోల్చాలి!

ఇదంతా 16వ శతాబ్దపు చైనా నవల 'పడమటి యాత్ర'లో ఉంది, 100 అధ్యాయాలు, మనకి దొరికిన పాత ముద్రణ 1592 నాటిది. అసలు సంగతి ఇప్పుడు చెప్తా. నవల్లో ఆ కోతి కాపలా కాసే సన్యాసి ఉన్నాడే, ఆయన కల్పన కాదు, మనం హైస్కూల్లో బట్టీపట్టిన హుయాన్‌త్సాంగే. ఆయన్ని నవల్లో త్రిపిటక అని కూడా పిలుస్తారు. ఇప్పుడు సినిమాలో బోస్టన్ కుర్రాడి పేరు గుర్తుచేసుకోండి... జేసన్ త్రిపిటికస్! సన్యాసి కూర్చోవాల్సిన కుర్చీలో జీన్స్ వేసుకున్న పిల్లోణ్ణి కూర్చోబెట్టారన్నమాట. నేను ఎప్పుడో బీసెంట్ రోడ్డు ఫుట్‌పాత్ మీద డీవీడీ కొనుక్కుని మూడుసార్లు చూసాక గానీ ఇది తట్టలా, సిగ్గేసింది.

ప్ర: చైనా కథకి అమెరికా కుర్రాడు హీరో ఏంటన్నా? కో-ప్రొడక్షన్ అంటే ఇదేనా? – డిగ్రీ విద్యార్థి, మంగళగిరి

జ: తమ్ముడూ, డబ్బులు రెండు ఇళ్ళ నుంచి వస్తే పెళ్ళి భోజనంలో రెండు ఇళ్ళ వంటలూ ఉండాల్సిందే. చైనా వైపు హువాయి బ్రదర్స్, అమెరికా వైపు కేసీ సిల్వర్, రెలటివిటీ వాళ్ళు, బడ్జెట్ సుమారు 5.5 కోట్ల డాలర్లు. డైరెక్టర్ రాబ్ మింకాఫ్, లయన్ కింగ్ తీసిన ఇద్దరిలో ఒకాయన. కెమెరా పీటర్ పావ్, ఫైట్లు యువెన్ వూ పింగ్. షూటింగేమో హెంగ్డియన్ స్టూడియోల్లో, అంటే చైనావాళ్ళ రామోజీ ఫిల్మ్ సిటీ అనుకో, ఆపైన ఎడారుల్లో.

దీనెనకాల లెక్క ఇంకోటుంది. వసూళ్ళలో వాటా ఇచ్చే పద్ధతిలో చైనా అప్పట్లో ఏడాదికి 20 విదేశీ సినిమాలే లోపలికి రానిచ్చేది, 2012లో 34 చేశారు. చైనావాళ్ళతో కలిసి అఫీషియల్‌గా తీస్తే ఆ లెక్కలోకి రాకుండా స్వదేశీ సినిమా కింద పోతుంది. అందుకే హాలీవుడ్ వాళ్ళు అంత ఆత్రంగా చెయ్యి కలిపేది, కుంగ్‌ఫూ మీద భక్తితో కాదు. మరి అమెరికా హాల్లో టికెట్టు కొనేవాడికి తెలిసిన మొహం ఒకటి కావాలిగా, ఆ మొహమే జేసన్. మార్కెట్‌పరంగా తప్పుపట్టలేం, ప్రపంచం మొత్తం మీద సుమారు 12.8 కోట్ల డాలర్లు వచ్చాయి. కానీ చూసేవాడిగా నా బాధ నాది, జాకీ, జెట్ లీ ఇద్దర్నీ పెట్టుకుని కథంతా ఈ పిల్లోడికి ట్యూషన్ చెప్పడానికే వాడుకున్నారు. విస్తట్లో గోంగూర, నెయ్యి వేసి, అన్నం మాత్రం పక్కింటోడికి పెట్టినట్టుంది.

ప్ర: జాకీ చాన్, జెట్ లీ కొట్టుకుంటే ఎవరు గెలిచారు? ఆ వయసులో నిజంగానే కొట్టుకున్నారా, తాళ్ళేనా? మా హాస్టల్లో పందెం ఉంది సార్. – బ్రాడీపేట, గుంటూరు

జ: పందెం డబ్బులు ఎవరివి వాళ్ళకిచ్చేయండి, గుళ్ళో ఫైట్ ఎవరూ గెలవకుండానే ఆగుతుంది. షూటింగ్ టైముకి జాకీకి 53, జెట్ లీకి 44. ఇద్దరూ కలిసి నటించడం అదే మొదలు, అభిమానులు ఏళ్ళ తరబడి కళ్ళు కాయలు కాసేలా చూశారు పాపం.

తాళ్ళున్నాయ్, లేవని ఎవరన్నారు. నడుముకి జాకెట్‌లాంటిది కట్టి, సన్నటి తీగ తగిలించి, అవతల మనుషులు లాగుతుంటారు, ఆ తీగని తర్వాత కంప్యూటర్లో తుడిచేస్తారు. కానీ గాల్లో లేచాక ఒళ్ళు తిన్నగా ఉంచుకోవడం, దిగేటప్పుడు పాదం సరిగ్గా పెట్టడం తీగ చెయ్యదు గదా. ఇద్దరికీ తేడా కూడా అక్కడే తెలుస్తుంది. జాకీ హాంకాంగ్‌లో ఒపేరా స్కూల్ పిల్లోడు, మన సురభి నాటకాల పిల్లల్లాగా పాట, గంతు, హాస్యం అన్నీ కలిపి నేర్చుకున్నాడు, అందుకే ఆయన తాగుబోతు స్టైల్లో తూలుతుంటే కూడా తాళం తప్పదు. జెట్ లీ బీజింగ్ వూషూ (చైనా యుద్ధ విద్య) జట్టు నుంచి వచ్చాడు, 11 ఏళ్ళకే 1974లో అమెరికా ప్రెసిడెంట్ నిక్సన్ ముందు ప్రదర్శన ఇచ్చిన మనిషి, ప్రతి దెబ్బా స్కేలు పెట్టి గీసినట్టుంటుంది. ఆ ఫైట్‌లో ఒకసారి జాకీ మొహం చూడండి, ఇంకోసారి జెట్ లీ కాళ్ళు చూడండి. రెండూ ఒకేసారి చూడాలంటే కుదరదు.

ప్ర: గోల్డెన్ స్పారో అనే అమ్మాయి తన గురించి చెప్పేటప్పుడు "ఆమె" అంటోంది. సబ్‌టైటిల్ తప్పా? – గృహిణి, పటమట

జ: తప్పు కాదమ్మా, కావాలనే. ఆ పిల్ల 'నేను' అనదు.

ప్ర: మనవాళ్ళు కూడా చైనాతో కలిసి తీయొచ్చుగా? – సత్యనారాయణపురం

జ: తీశారండీ. 2014లో రెండు దేశాలకీ ఒప్పందం కుదిరింది, 2016లో హుయాన్‌త్సాంగ్ మీదే సినిమా వచ్చింది, అందులో హర్షవర్ధనుడు ఎవరనుకున్నారు, మన సోనూ సూద్! మళ్ళీ 2017లో జాకీ చాన్ పక్కన కుంగ్‌ఫూ యోగాలోనూ ఆయనే. రెండోది చూసి తలనొప్పి తెచ్చుకున్నా, మీరు తెచ్చుకోకండి.

ప్ర: హుయాన్‌త్సాంగ్ మన వైపు వచ్చాడంటారు, ఎక్కడిదాకా వచ్చాడు? – రిటైర్డ్ టీచర్, అమరావతి రోడ్డు, గుంటూరు

జ: మాస్టారూ, మీరిది అడుగుతారని ఇందాకట్నుంచీ దాచిపెట్టుకున్నా. 639 ప్రాంతంలో ధాన్యకటకం వచ్చి కొన్ని నెలలు ఉన్నాడు, ఇక్కడి భిక్షువుల దగ్గర కూర్చుని అభిధర్మం, అంటే బౌద్ధుల తత్వశాస్త్రం, చదువుకున్నాడు. మన పాత కట్టడాల మీద పుస్తకాలు రాసిన ఫెర్గుసన్ దొర అది బెజవాడే అని వాదించాడు గానీ ఎక్కువమంది చెప్పేది మీ ధరణికోటే, బెజవాడోణ్ణయినా ఒప్పుకుంటున్నా. 645లో ఇంటికి చేరేసరికి ఆయన వెంట 657 గ్రంథాలు.

ఇక్కడ విన్న కథొకటి రాసుకున్నాడు చూడండి, ఫాంటసీ అంటే అదీ. భావవివేకుడనే పండితుడికి ముందుముందు పుట్టబోయే మైత్రేయ బుద్ధుణ్ణి చూడాలని కోరిక. ఊరికి దక్షిణాన కొండ దగ్గర మూడేళ్ళు జపం చేస్తే వజ్రపాణి అనే బౌద్ధ దేవత ప్రత్యక్షమై, ఈ రాతి లోపల అసురుల కోట ఉంది, మంత్రించిన ఆవాలతో కొడితే తెరుచుకుంటుంది అన్నాట్ట. ఆవాలు! మనం దిష్టి తీసే ఆవాలే. ఈయన కొట్టాడు, కొండ తెరుచుకుంది, రండి రండి అని చుట్టూ ఉన్న జనాన్ని పిలిస్తే అమ్మో పాముల పుట్టని ఎవరూ కదల్లేదు, ఆరుగురే వెంట నడిచారు. వెనకాలే రాయి మూసుకుపోయింది.

మైత్రేయుడు ఇంకా రాలేదు కాబట్టి ఆ లెక్కన ఏడుగురూ లోపలే ఉన్నట్టు. ఏ దేశం నిర్మాతా ఇంకా దీని మీద కర్చీఫ్ వెయ్యలేదు.